దుప్పటి గోడకెక్కింది

పోయిన మాఘమాసంలో మా ఆడపడుచు విజయవాడలో కొత్త ఫ్లాటులోకి దిగింది. గృహప్రవేశం అంటే మీకు చెప్పాలా? తెల్లవారుజామున మూడింటికి లేచి తలంట్లు, పాలు పొంగించడం, సత్యనారాయణ వ్రతం, వచ్చినవాళ్ళకి టిఫిన్లు, తాంబూలాలు, భోజనాలు. "క్యాటరింగ్ వాళ్ళకి చెప్పాం వదినా, నువ్వు హాయిగా పట్టుచీర కట్టుకుని కూర్చోవడమే" అంది ఫోన్లో. క్యాటరింగ్ వాళ్ళు వండుతారు, వడ్డిస్తారు. పేరంటాళ్ళ కాళ్ళకి పసుపు రాసేది ఎవరు? జాకెట్టుముక్కలు ఎన్ని మిగిలాయో చూసేది ఎవరు? పంతులుగారు ఉన్నట్టుండి అడిగే రెండో కొబ్బరికాయ, ఎవరి పిల్లాడికో వేడినీళ్ళు, ఎవరి అత్తగారికో ఉప్పు లేని పప్పు, ఇవేవీ క్యాటరింగ్ మెనూలో ఉండవు.

మధ్యాహ్నం రెండున్నరకి నడుం పట్టేసింది. పది నిమిషాలు వాలదామని గదుల్లోకి తొంగి చూశాను. మూడు పడకగదులు. ఒక మంచం నిండా గిఫ్టు ప్యాకెట్లు. రెండోదాని మీద ఏసీ వేసుకుని నలుగురు మగాళ్ళు అడ్డదిడ్డంగా నిద్ర. మూడో గదిలో పరుపుకి ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు, దాని మీద పళ్ళాలు, పూలబుట్టలు. వెనక్కొచ్చి హాల్లో సోఫా అంచున కూలబడ్డాను. తలెత్తితే ఎదురుగా గోడ మీద ఒక చెట్టు.

ఎత్తు అయిదడుగులు ఉంటుంది. కాన్వాసు మీద రంగు మందంగా పూసి, కాండానికి జనపనార అతికించి, ఆకులకి కలంకారీ గుడ్డముక్కలు కత్తిరించి అంటించారు. మధ్యమధ్యలో నిజం ఎండుటాకులు వార్నిషు వేసి పెట్టారు. అక్కడక్కడా బంగారు రేకు. కొమ్మ మీద రెక్కలు ముడుచుకున్న పిట్ట, కింద కదలని నీళ్ళు. మా ఆడపడుచు పక్కనొచ్చి నిలబడి, "మిక్స్‌డ్ మీడియా వదినా, నలభై ఎనిమిది వేలు" అంది. ఫ్రేము కింద చిన్న ఇత్తడి రేకు మీద 'రెస్ట్ అండ్ రెన్యూవల్' అని చెక్కి ఉంది. విశ్రాంతి, మళ్ళీ చిగురించడం. ఆ బొమ్మని చూస్తూ కూర్చుంటే మనసు సేదతీరుతుందట.

చూస్తూనే కూర్చున్నాను. నా నడుం సేదతీరలేదు. మూడు పడకగదుల ఇంట్లో విశ్రాంతి దొరికింది ఒక్క గోడకే.

బొమ్మ వేసినమ్మాయి మీద నాకేం కోపం లేదు, ముందే చెబుతున్నాను. చెయ్యి తిరిగిన మనిషి. పిట్టని ఆకుల చాటున పెట్టిన తీరు చూస్తే తెలుస్తోంది. ఒక ఆడపిల్ల తన పనికి నలభై ఎనిమిది వేలు తీసుకుందంటే నాకు సంతోషమే. నా పేచీ ఆ ఇత్తడి రేకుతో. దాన్ని నమ్మి, బొమ్మ కొన్నాం కాబట్టి విశ్రాంతి ఇంట్లోకి వచ్చేసినట్టే అనుకునే మన అందరితో.

ఎందుకంటే ఆ చెట్టు నాకు తెలుసు. అది గోడ చెట్టు కాదు, మంచం చెట్టు.

గుడ్డముక్కల్ని దగ్గరికెళ్ళి చూశాను. పెడన అచ్చే. ఎర్రమట్టి ఎరుపు, నల్లటి గీత, కరక్కాయ పసుపు. మా బందరు పక్కనే పెడన. అక్కడ ఇప్పటికీ టేకు చెక్క అచ్చులతో గుడ్డ అద్దుతారు. శ్రీకాళహస్తిలో కలంతో రాస్తారు, మన దగ్గర అచ్చుతో వేస్తారు అని చిన్నప్పుడు పుస్తకంలో చదివాం కదా. అయితే బందరు తీరంలో కూడా ఒకప్పుడు కలమే. గోల్కొండ నవాబుల కాలంలో బందరు పెద్ద రేవు. పారశీక వర్తకులు ఉండేవారు, డచ్చివాళ్ళు వచ్చారు, 1611లో ఇంగ్లీషువాళ్ళ ఓడ వచ్చింది. ఈ కోరమాండల్ తీరం నుంచి ఓడలకెక్కిన సరుకులో పాలంపోర్లు అని ఉండేవి. పలంగ్‌పోష్ అన్న మాట ఇంగ్లీషు నోట్లో పడి పాలంపోర్ అయింది. పలంగ్ అంటే మంచం, పోష్ అంటే కప్పేది. అచ్చ తెలుగులో చెబితే మంచం దుప్పటి.

ఆ దుప్పటి మీద ఉండేది ఈ చెట్టే. కింద రాళ్ళగుట్ట. దానిలోంచి వంపులు తిరుగుతూ లేచే కాండం. ఒకే చెట్టుకి పది రకాల పూలు, అందులో సగం ఏ తోటలోనూ పూయనివి. కొమ్మల్లో పిట్టలు, చుట్టూ అంచుకి తీగ. జీవవృక్షం అంటారు. పారశీకుల తీగలు, చైనా రాళ్ళు, ఐరోపావాళ్ళ గుత్తులు, మన పూలు అన్నీ ఆ చెట్టులో కలిసిపోయాయి. లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోనూ, న్యూయార్క్‌లో మెట్రోపాలిటన్ మ్యూజియంలోనూ అలాంటివి ఉన్నాయి. ఫోన్లో బొమ్మలు చూడొచ్చు, మధ్యాహ్నం పూట చూడండి.

మిక్స్‌డ్ మీడియా అని మా ఆడపడుచు గొప్పగా చెప్పింది కదా, ఆ దుప్పటిలో ఎన్ని రకాల పని ఉందో చూడండి. ముందు నూలుగుడ్డని కరక్కాయ నీళ్ళలో, గేదెపాలలో తడిపి ఆరబెట్టాలి. పాలలో కొవ్వు ఉంటేనే రంగు చీరుకోకుండా గీత గీతలా నిలుస్తుంది. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం నీళ్ళలో నానేసి పులియబెట్టిన కసిమితో నల్లగీతలు. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్ళు అద్ది, చిరివేరు వేసి కాస్తే పటిక ఉన్న చోటే ఎరుపు పట్టుకుంటుంది. కృష్ణ సముద్రంలో కలిసే చోట్ల ఇసుక నేలల్లో దొరికే చిరివేరుకి ఆ రోజుల్లో మంచి పేరు. అంటే మా దివిసీమ చుట్టుపక్కల ఇసుకలో పెరిగిన వేరే ఆ పూలకి ఎరుపు. తరవాత నీలం అక్కర్లేని జాగా అంతా మైనంతో మూసి నీలిమందు తొట్టిలో ముంచాలి. మైనం కరిగించి తీసేశాక, నీలం మీద పసుపు పూస్తే ఆకుపచ్చ. ఆ పసుపు కాలంతో పాటు వెలిసిపోతుంది. మ్యూజియాల్లోని పాత పాలంపోర్ల మీద ఆకులు నీలంగా కనిపించడానికి కారణం అదే. మొదట అవి పచ్చని ఆకులే.

ఇంత పనీ చేసి ఎక్కడ వేశారు? మంచం మీద. మనిషి దాని కింద పడుకుని కళ్ళు మూసుకునేది. ఇంగ్లండులో ఉన్ని, పట్టు నేసేవాళ్ళకి ఈ గుడ్డ అంటే ఎంత దడ పుట్టిందంటే, 1721లో పార్లమెంటు చట్టం చేసి అద్దకం గుడ్డ ఒంటి మీదే కాదు, మంచానికీ కుర్చీకీ కూడా వాడకూడదంది. ఫ్రాన్సు అంతకు ముందే, 1686లో, వద్దని 1759 దాకా పట్టు విడవలేదు. మన దుప్పటి మీద హాయిగా పడుకోవడం ఆ దేశాల్లో నేరం అయిందన్నమాట! ఆ ముచ్చట చెబితే మా ఆడపడుచు నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మన ఇళ్ళల్లో ఆడది పగలు పడుకోవడానికి చట్టం కూడా అక్కర్లేదు, పక్కింటావిడ చూపు చాలు.

ఆ చూపు నాకూ ఉంది, ఒప్పుకుంటాను. పదేళ్ళ కిందట ఒకసారి మధ్యాహ్నం రెండింటికి కరివేపాకు కోసమని మా వెనకింటికి వెళ్ళాను. ఆవిడ చెదిరిన జుట్టుతో తలుపు తీసింది. "ఏంటి పిన్నీ, పగటినిద్రా?" అన్నాను. సరదాకే అన్నాను. ఆవిడ గబగబా, "లేదమ్మా, తలనొప్పిగా ఉంటే ఊరికే ఒరిగాను" అంది. తలనొప్పి లేదని ఇద్దరికీ తెలుసు. మన ఆడవాళ్ళకి పగలు పడుకోవాలంటే ఒక జబ్బు కావాలి. నిద్ర వస్తే చాలదు.

నాలుగు రోజుల తరవాత మా ఆడపడుచుతో ఫోన్లో వాదన పడింది. తను చదువుకున్న పిల్ల, ఊరికే ఊరుకోదు. "దుప్పటి చేసి పరిస్తే రెండేళ్ళలో చిరిగిపోద్ది వదినా. గోడకి పెడితే కళ అనిపించుకుంటుంది, నలుగురూ చూస్తారు. పెడనవాళ్ళకీ మంచిదేగా" అంది. మాట కాస్త నిజమే, కొట్టేయను. పాత గుడ్డని మ్యూజియం వాళ్ళు దాచకపోతే ఆ చెట్టు ఎలా ఉండేదో మనకి తెలిసేదే కాదు. ఐరోపాలో కూడా కొన్నిటిని మంచం చుట్టూ తెరల్లా వేలాడదీసేవారు. కానీ పెడనవాళ్ళ పేరు మాత్రం ఇందులోకి లాగొద్దన్నాను. ఆ బొమ్మలో ఉన్న పెడన గుడ్డ మొత్తం కలిపితే రెండు మీటర్లు ఉండదు. నలభై ఎనిమిది వేలల్లో పెడనకి చేరింది ఎంతో నువ్వే లెక్క వెయ్యి అన్నాను. అదే నువ్వూ నేనూ ఇంటికి రెండు దుప్పట్లు కొని, పరిచి, ఉతికి, చిరిగితే మళ్ళీ కొంటే అచ్చు వేసే చేతికి పని ఉంటుంది. గోడకి ఒకసారి కొట్టిన బొమ్మ మళ్ళీ కొనేదెప్పుడు?

ఈ చెట్టు బొమ్మలో విశ్రాంతి ఉందా అంటే, ఉంది. ఇత్తడి రేకు చెప్పిన చోట కాదు, గుడ్డలో ఉంది. అది పెడన వెళితే కనిపిస్తుంది.

మా నాగాయలంక నుంచి అవనిగడ్డ, మోపిదేవి, చల్లపల్లి మీదుగా బందరు వెళ్ళి, అక్కడి నుంచి పెడన. మా పిన్ని కూతురి అత్తారిల్లు అటే కావడంతో రెండుమూడు సార్లు అద్దకం చోటు చూశాను. పొడుగాటి బల్లలు, బల్ల మీద గోనెగుడ్డ మెత్త, దాని మీద పరిచిన గుడ్డ. అచ్చుని రంగు మెత్త మీద అద్ది, గుడ్డ మీద ఆనించి, గుప్పిటతో ఒక్క పోటు. ఆడవాళ్ళూ ఉన్నారు, పొద్దస్తమానం నిలబడే. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద కసిమి అచ్చు పడగానే గీత మన కళ్ళ ముందే నల్లబడుతుంది. పటిక అచ్చు అలా కాదు, పడినా ఏమీ కనబడదు. గుర్తు కోసం దానిలో కాస్త రంగు కలుపుతారు.

ఇక్కడే అసలు సంగతి. పటిక అద్దిన గుడ్డని వెంటనే ఉతక్కూడదు. మడిచి కొన్ని రోజులు అలా వదిలేయాలి. ఎందుకని అడిగితే, "గుడ్డ ఊరుకోవాలమ్మా, అప్పుడే పట్టుద్ది" అన్నాడు అక్కడి పెద్దాయన. తొందరపడి ఉతికితే పటిక నీళ్ళలో పోతుంది, తరవాత ఎంత కాచినా ఎరుపు రాదు. చూసేవాళ్ళకి ఆ రోజుల్లో గుడ్డ ఏ పనీ చేయకుండా మూలన పడి ఉంటుంది. లోపల మాత్రం పటిక నూలుపోగుని పట్టుకుంటూ ఉంటుంది. ఆ తరవాతే కాలవకి తీసుకెళ్ళి పారే నీళ్ళలో జాడిస్తారు. నిలవ నీళ్ళు పనికిరావు, వదిలిన పటిక పక్కన అంటుకుని మరకలు పడతాయి. ఆ పైన రాగి కాగుల్లో జాజాకు, సురుడుచెక్క వేసి కాచడం. మళ్ళీ గడ్డి మీద ఎండకి పరిచి, నీళ్ళు చిలకరిస్తూ నేల తెల్లబరచడం. కసిమి కుండ సంగతి సరేసరి, రెండు మూడు వారాలు దాన్ని కదపకూడదు.

గుడ్డకి విశ్రాంతి అక్కర్లేదనుకున్నవాళ్ళు స్క్రీన్ ప్రింటింగు పెట్టారు. అదే చెట్టు, అదే పిట్ట, కెమికల్ రంగు, రోజుల పని గంటల్లో. షాపులో పక్కపక్కన పెడితే నాకే ఒక్కోసారి తేడా తెలీదు. నాలుగు ఉతుకులు ఉతికితే తెలుస్తుంది. మంచి అద్దకం మెత్తబడి, ఎరుపు మరింత నిదానిస్తుంది. రెండోది వెలిసి ఊరుకుంటుంది.

గుడ్డ సంగతి అలా ఉంచండి. మా ఊళ్ళో దేనికి విశ్రాంతి లేదో చెప్పండి. గుల్లలమోద, సొర్లగొంది వైపు వెళితే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర పడవలన్నీ ఒడ్డునే. చేపలు గుడ్లు పెట్టే కాలమని 61 రోజులు వేట నిషేధం. ఆ రోజులకి మత్స్యకారులకి సర్కారు భృతి కూడా ఇస్తుంది. సముద్రానికి ఏడాదికి 61 రోజుల సెలవు! రొయ్యల చెరువు ఉంది. పట్టుబడి అయ్యాక నీళ్ళు తోడేసి, అడుగు నెర్రెలిచ్చేదాకా ఎండబెట్టి, సున్నం చల్లి, ఆ తరవాతే మళ్ళీ పిల్ల వదులుతారు. ఎండబెట్టకుండా వేస్తే జబ్బొస్తుందని ప్రతి రైతుకీ తెలుసు. పొలం ఉంది. వరి కోశాక మినుము, ఆ పైన ఓపిక ఉన్నవాళ్ళు జీలుగో పిల్లిపెసరో చల్లి పూత మీద కలియదున్ని నేలకి సత్తువ ఇస్తారు. కాలవలకీ ఎండాకాలం నీళ్ళు కట్టేస్తారు. పూడిక తీసేది, గట్లు చూసేది అప్పుడే.

ఈ లెక్కలన్నీ తెలిసిన మగాళ్ళే, రైతులే, ఇంట్లో ఆడమనిషి మధ్యాహ్నం గంట పడుకుంటే "ఇవాళ ఒంట్లో బాగాలేదా?" అని అడుగుతారు.

కేంద్ర ప్రభుత్వం 2019లో మన రోజు ఎలా గడుస్తుందో ఒక సర్వే చేసింది. జీతం లేని ఇంటిపనికి, ఆ పని చేసే ఆడవాళ్ళు అప్పట్లో రోజుకి సగటున 299 నిమిషాలు పెట్టేవారు. మగవాళ్ళలో ఇంటిపని చేసేవాళ్ళు పెట్టింది 97 నిమిషాలు. పిల్లలకీ ముసలివాళ్ళకీ చేసే సేవ ఇందులో లేదు, దాని లెక్క వేరే. ఆదివారం, పండగ, గృహప్రవేశం అని తేడా లేని 299 నిమిషాలు. నిజానికి పండగ రోజు ఎక్కువ.

నాలుగేళ్ళ కిందట నాకు గర్భసంచి తీశారు. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళ లెక్కలో ఆంధ్ర, తెలంగాణలు దేశంలో ముందు వరసలో ఉన్నాయని కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతుంది. మా వీధిలో ఇల్లిల్లూ తిరిగినా తెలుస్తుంది. డాక్టరమ్మ చీటీ మీద 'ఆరు వారాలు రెస్టు' అని రాసింది. ఆ చీటీని మా ఆయన ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అతికించారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేను పగలు మంచం మీద పడుకుంటే ఎవరూ కారణం అడగని రోజులు అవే. కారణం ఫ్రిజ్ మీద ఉందిగా.

ఒక మధ్యాహ్నం మా అత్తయ్య వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుంది. కాసేపు దుప్పటి అంచు సర్దింది. "నాకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేశాక వారం రోజులు పడుకోబెట్టారు అమ్మాయ్" అంది. "కుట్లు సలిపేవి. అయినా అంత హాయి మళ్ళీ చూళ్ళేదు."

మా అత్తయ్య ముగ్గురు పిల్లల్ని కన్నది, 1977 ఉప్పెనలో ఇల్లు పోతే మళ్ళీ కట్టుకున్నది, ఇప్పటికీ అయిదింటికి లేస్తుంది. ఆవిడ జీవితం మొత్తంలో గుర్తుపెట్టుకున్న విశ్రాంతి కడుపు మీద కుట్లతో గడిచిన వారం. ఆ మాట విన్నాక నాకు ఆ మంచం మీద నిద్ర పట్టలేదు. పదో రోజునే లేచి ఎవరికో కాఫీ కలిపాను కూడా. ఎవరూ అడగలేదు. బంధువులు వస్తే చెయ్యి తనంతట తనే స్టవ్వు వైపు వెళ్ళింది.

అందుకే, "నిన్ను పడుకోవద్దని ఎవరన్నారు?" అన్న మాట వింటే ఒళ్ళు మండుతుంది. మా ఆయనా అన్నారు, మంచిగానే అన్నారు. ఎవరూ అనలేదు, నిజమే. కానీ రెండింటికి గ్యాస్ బండ వస్తుంది. రెండుంపావుకి కొరియరు. మూడింటికి పాలు కాచాలి, మూడున్నరకి ఆరేసిన బట్టలు, ఈలోపు అత్తయ్య మాత్ర. నేను పడుకోవాలంటే ఈ గంటన్నరలో ఇంకొకరు లేవాలి. ఆ లేచేవాళ్ళ పేరు చెప్పకుండా పడుకోమనడం, చెరువుకి నీళ్ళు పెడుతూనే ఎండిపొమ్మన్నట్టు ఉంటుంది.

గోడ మీది బొమ్మకి ఇవేవీ అక్కర్లేదు. దానికోసం ఎవరూ లేవనక్కర్లేదు, ఎవరి పనీ మారనక్కర్లేదు. మేకు కొడితే చాలు. ఆస్పత్రిలో పెట్టొచ్చు, రిసార్టులో పెట్టొచ్చు, ఆఫీసు రిసెప్షన్‌లో పెట్టొచ్చు. ఇప్పుడు ఎక్కడ చూసినా అదే చెట్టు, అదే ప్రశాంతత. దాని కింద డ్యూటీ మారని నర్సమ్మ, కూర్చోవడానికి స్టూలు లేని సేల్స్ అమ్మాయి. మన ఇంట్లో మనం. నలభై ఎనిమిది వేలతో అందరికంటే చవగ్గా దొరికే విశ్రాంతి అది.

ఆ బొమ్మలో అతికించిన ఎండుటాకుల్లో ఒకటి మడ ఆకులా ఉంది. అవునో కాదో, వార్నిషు కింద తెలియలేదు. మడ అడవి మా ఊరి వెనకే. ఉప్పునీళ్ళలో బతికే చెట్టు. ఆకు వెనక నాలిక పెట్టి చూస్తే ఉప్పగా ఉంటుంది, మింగిన ఉప్పుని అలా బయటికి పంపుకుంటుంది. చిన్నప్పుడు పిల్లలం అందరం నాకి చూసినవాళ్ళమే. వార్నిషు వేశాక ఆ ఉప్పు ఉండదు, అంతే.

అమ్మ దగ్గర ఒక పెడన దుప్పటి ఉండేది. ఉతికీ ఉతికీ అరటిపొర అంత పల్చబడింది. చెట్టు సగం చెరిగిపోయి, పిట్టకి కన్ను ఒక్కటే మిగిలింది. వేసవిలో మధ్యాహ్నం నాన్న పొలం నుంచి వచ్చేలోపు, అమ్మ దాన్ని వాకిలి గడప దగ్గర నేల మీద పరుచుకుని, మోచెయ్యి తలకింద పెట్టుకుని కునుకు తీసేది. గడప దగ్గరే ఎందుకమ్మా, లోపల మంచం ఉందిగా అంటే, "సైకిల్ చప్పుడు వినపడాలిగా" అనేది. వినపడగానే దుప్పటి మడిచి గూట్లో పెట్టి, మొహం మీద నీళ్ళు కొట్టుకుని, పొద్దున్నించీ నిలబడి ఉన్నదాన్లా ఎదురెళ్ళేది. నాన్న మంచివాడే, పడుకుంటే ఏమీ అనేవాడు కాదు. అయినా ఆ దుప్పటి ఎప్పుడూ మంచం ఎక్కలేదు.

మా మరిది కూతురి ఓణీల ఫంక్షను వైశాఖంలో మా ఇంట్లోనే. రెండొందల మంది వస్తారు. ముందుగది మంచం మీద గిఫ్టులు పెట్టడానికి వీల్లేదని, అది ఆడవాళ్ళు నడుం వాల్చే మంచమని అందరికీ ఇప్పుడే చెప్పేశాను. గొళ్ళెం లోపలివైపు పెట్టమని వడ్రంగికి చెప్పాను. భోజనాల తరవాత రెండు నుంచి నాలుగున్నర దాకా తాంబూలాలు, కాఫీలు మా ఆయనా మరిదీ చూసుకుంటారు. మరిది నసిగాడు, మా ఆయన సరేనన్నారు. పోయిన వారం పెడన వెళ్ళి, చెట్టూ పిట్టలూ ఉన్న డబుల్ కాట్ దుప్పటి తెచ్చాను. ఒకసారి నీళ్ళలో జాడించి ఆరేశాను, ఇంకా కరక్కాయ వాసన వస్తూనే ఉంది.

ఆ సంగతి చెబితే మా ఆడపడుచు, "అయ్యో వదినా, అంత మంచి గుడ్డని ఫంక్షన్లో మంచం మీద పరుస్తావా? కాఫీ మరకలు పడితే?" అంది.

"పడనీ. జూన్‌లో కాలవకి నీళ్ళొస్తాయిగా, ఉతుకుదాం" అన్నాను.